పదిహేను బ్లాకుల కార్డు

డబ్బా మూత తీయగానే కర్పూరం వాసన. పైన పరిచిన పంచాంగం కాగితం పచ్చబడిపోయి, పట్టుకుంటే పొడిగా రాలుతోంది. దాని కింద బూడిద రంగు ప్లాస్టిక్ బిళ్ళలు వరసగా పేర్చి ఉన్నాయి. ప్లేస్టేషన్ గేమ్ మిషన్‌లో ఆడినంత వరకు ఆటను దాచుకునే మెమరీ కార్డులు. ఒక్కోదాని మీదా తెల్ల ప్లాస్టరు ముక్క, దాని మీద నీలం బాల్‌పెన్నుతో వేసిన అంకె. ఆ రాత నాదే.

"పురుగు పట్టకూడదని కర్పూరం ఏస్తా వచ్చినాను రా అబ్బోడా," అన్నాడు అన్న. "ఏడాదికొక తూరి మారుస్తాను. ఎందుకు మారుస్తా ఉండానో నాకే తెల్దు. పారేద్దామంటే చెయ్యి రాలా."

పిన్నమ్మ కూతురి పెళ్ళికని తిరుపతి వెళ్ళాను. తలంబ్రాలు అయ్యాయి, భోజనాలకు ఇంకా టైముంది, కాళ్ళు వాటంతట అవే తీర్థకట్ట వీధి వైపు నడిచాయి. ఒకప్పటి అన్న వీడియో గేమ్ కొట్టు అదే సందులో, అదే మెట్ల కింద ఉంది. బోర్డు మాత్రం మారింది. ఇప్పుడది జిరాక్సు, పాన్ కార్డులు, రైలు టికెట్లు, కొండ దర్శనం టికెట్లు బుక్ చేసే చోటు. ఆన్‌లైన్‌లో కోటా వదిలే రోజు పొద్దున్నే కొట్టు ముందు జనం నిలబడతారట. కానీ ఆ బిల్డింగు అమ్మేస్తున్నారు. అన్న బెంగుళూరులో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. అటక మీద సామాను దించుతూ ఉండగా నేను వెళ్ళాను.

"ఇవి నువ్వే ఎత్తకపో. నేను పెట్టుకోని ఏం జేసేది?"

డబ్బాతో పాటు ఒక లాంగ్ నోటుబుక్కు కూడా చేతిలో పెట్టాడు. అట్ట ఊడిపోయింది కానీ పేజీలు అన్నీ ఉన్నాయి.

*

ఆటను సేవ్ చేసుకోవచ్చు అనే సంగతే తెలియని రోజుల నుంచి చెప్పాలి.

బైరాగిపట్టెడలో మా ఇంట్లో నాయన కొనిచ్చిన వీడియో గేమ్ ఒకటి ఉండేది. జపాన్ నింటెండో కంపెనీ ఫ్యామికామ్ మిషనుకు నకలు. అప్పట్లో మధ్యతరగతి ఇళ్ళల్లోకి వచ్చినవి ఎక్కువగా అవే. కార్ట్రిడ్జ్ మీద లక్షల ఆటలు ఉన్నట్టు అంకెలు వేసి ఉండేవి. లోపల చూస్తే పాతిక ఆటలే పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వచ్చేవి. మారియో, కాంట్రా, ట్యాంకుల ఆట, బాతుల ఆట. కాంట్రాలో 30 ప్రాణాలు వచ్చే కోడు మా వీధిలో ఎక్కాల కంటే ముందు వచ్చేది పిల్లలకు.

జెల్డా లాంటి ఆటల్లో అప్పటికే కార్ట్రిడ్జ్ లోపల చిన్న బ్యాటరీ పెట్టి, ఆడినంత వరకు దాచుకునే ఏర్పాటు ఉండేది. 1987లో అమెరికాలో వచ్చిన ఆ బంగారు రంగు కార్ట్రిడ్జ్ గురించి నేను చాలా ఏళ్ళ తరవాత చదివాను. మా వీధికి వచ్చిన నకళ్ళలో అలాంటివేమీ ఉండేవి కాదు. ఆట మధ్యలో అన్నానికి పిలిస్తే పాజ్ నొక్కి వదిలేయడమే. రాత్రి పడుకోవాలంటే కూడా అంతే. తెల్లారి లేచి అక్కణ్నుంచే ఆడాలి.

"రాత్రంతా ఎలిగించి పెడితే కరెంటు బిల్లు ఎవురు కట్టేది?" అని అమ్మ అరిచేది. నాయన మాత్రం ఆపేవాడు కాదు. దేవస్థానంలో ఉద్యోగం, కొండ మీద డ్యూటీ. తెల్లారుజామున లేచి స్నానం చేసి, నామం పెట్టుకుని, టీవీ ఒక్కటి ఆపేవాడు. గేమ్ డబ్బా మీద చెయ్యి పెట్టి వేడి చూసేవాడు. గాలి ఆడాలని దాని కింద రెండు పుస్తకాలు ఎత్తుగా పెట్టి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి బస్సుకు వెళ్ళేవాడు. నేను దుప్పట్లోంచి చూస్తూ ఉండేవాణ్ణి. ఆయనకు ఆట ఏమిటో తెలియదు. పిల్లాడు దేన్నో నిలబెట్టుకోవాలని చూస్తున్నాడని మాత్రం తెలుసు.

అయితే కరెంటు పోయేది. ఎండాకాలం మరీనూ. ఫ్యాను రెక్కలు మెల్లగా ఆగే చప్పుడు, ఆ వెంటనే వీధిలో ఇంటింటి నుంచీ పిల్లల గొంతులు "ఓ..." అని. అందరి ఆటా ఒకేసారి పోయేది. అలా పోయినదాన్ని గురించి ఏడవడం కూడా ఎవరికీ తట్టేది కాదు. వానకు ముగ్గు పోతే ఏడుస్తామా, అట్లా.

*

ఇంటర్ సెలవుల్లో అన్న కొట్లో కూర్చోవడం మొదలుపెట్టాను. జీతమని కాదు. మధ్యాహ్నం ఖాళీగా ఉంటే ఆడుకోవచ్చు, సాయంత్రం గల్లా చూసుకోవాలి. రెండు ప్లేస్టేషన్లు, రెండు పాత కలర్ టీవీలు, రెక్సిన్ చిరిగిన బెంచీలు, గోడకు దేవుడి క్యాలెండరు, ఒక అలారం గడియారం. గంటకు 20 రూపాయలు.

ప్లేస్టేషన్ జపాన్‌లో వచ్చింది 1994 డిసెంబరులో. మా సందులోకి వచ్చేసరికి చాలా ఏళ్ళు పట్టింది, అదీ మద్రాసు బర్మా బజారు మీదుగా. అన్న పొద్దున్నే రైలెక్కి వెళ్ళి, రాత్రికి డిస్కుల సంచితో దిగేవాడు. మిషన్లకు లోపల చిప్పు వేయించి ఉండేది, కాపీ డిస్కులు ఆడాలని. ఒక మిషను మామూలుగా పెడితే డిస్కు చదివేది కాదు. దాన్ని తలకిందులుగా బోర్లించి పెడితే ఆడేది. ఆ తొలి మోడళ్ళలో లెన్సు జరిగే ప్లాస్టిక్ పట్టా అరిగిపోయి లెన్సు ఒరుగుతుంది, బోర్లిస్తే మళ్ళీ సమానంగా కూర్చుంటుంది అని తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం అన్న "అది శీర్షాసనం ఏస్తేగానీ పలకదు" అనేవాడు.

ఆ మిషన్ ఆన్ చేసినప్పుడు వచ్చే లోతైన మోత, దాని తరవాత సన్నగా మెరిసినట్టు వినపడే గంటలు ఇప్పటికీ ఎక్కడ విన్నా ఒళ్ళు ఝల్లుమంటుంది. తరవాత నల్ల తెర. ఆ నల్ల తెర మీద లోగో వస్తే డిస్కు పట్టినట్టు. అది వచ్చేదాకా బెంచీ మీద ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. బయట గుడి మైకులో అన్నమయ్య కీర్తన, జీపు డ్రైవర్ల "కొండకీ కొండకీ" కేక, లోపల ఈ నిశ్శబ్దం.

ఆ కొట్టుకు వచ్చే పిల్లలు రెండు రకాలు. ఊరి పిల్లలు, గుండు పిల్లలు. కొండ దిగి, గోవిందరాజస్వామి దర్శనం చేసుకుని, రైలుకు ఇంకా టైముంటే పెద్దవాళ్ళు పిల్లల్ని అరగంట ఇక్కడ కూర్చోబెట్టి పోయేవాళ్ళు. గుండు మీద గంధం ఇంకా తడిగా ఉండేది. చేతిలో లడ్డూ కవరు. తమిళం, కన్నడం, తెలంగాణ తెలుగు, మరాఠీ. భాష తెలియకపోయినా టెక్కెన్ 3లో ఎవరు ఎవర్ని కొట్టారో అందరికీ తెలిసేది. లడ్డూ జిడ్డు కంట్రోలర్ బటన్ల మధ్యకు పోయేది. రాత్రి కొట్టు మూసేముందు పాత బనీను గుడ్డతో అవి తుడవడం నా పని.

*

ఇక కార్డు సంగతి.

ప్లేస్టేషన్ మెమరీ కార్డులో ఉండేది 128 కిలోబైట్లు. దాన్ని 16 భాగాలు చేశారు, ఒక్కోటి 8 కిలోబైట్లు. మొదటి భాగం ఏ చోట ఏముందో రాసుకునే చిట్టా కోసం కార్డే ఉంచుకుంటుంది. మిగిలిన 15 మనవి. వాటినే అందరం బ్లాకులు అనేవాళ్ళం. కొన్ని ఆటలు ఒక బ్లాకుతో సర్దుకునేవి, కొన్ని ఎక్కువ అడిగేవి. డిస్కు లేకుండా మిషన్ ఆన్ చేస్తే కార్డు లోపల ఉన్నవన్నీ బొమ్మల వరుసల్లా కనపడేవి. ఒక్కో సేవ్‌కు చిన్న బొమ్మ, 16 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు. కొన్ని కదిలేవి కూడా.

కార్డుకు 15 బ్లాకులే, ఊరంతా వాటితోనే సర్దుకోవాలి. కొత్త కార్డు కొనాలంటే మళ్ళీ మద్రాసు. అందుకే నోటుబుక్కు పెట్టాం. కార్డు నంబరు, బ్లాకు నంబరు, ఏ ఆట, ఎవరిది, ఆఖరిసారి ఎప్పుడు వచ్చాడు. పేర్లు రాయడం తక్కువ. "కొర్లగుంట కళ్ళద్దాలు", "పోస్టుమాస్టరు మనవడు", "ఎర్ర సైకిలు". నెలరోజులు రాకపోతే ఆ బ్లాకు వేరేవాడికి. ఊరి పిల్లలందరూ ఒప్పుకున్న రూలు ఇది.

రైలెక్కి పోయేవాళ్ళకు బ్లాకు ఇవ్వకూడదని ఇంకో రూలు. అది నిలవలేదు. మైసూరు నుంచి వచ్చిన ఒక గుండు పిల్లాడు క్రాష్ టీమ్ రేసింగ్‌లో ఒక ట్రాక్ మీద రికార్డు కొట్టి, తన పేరు అక్షరం అక్షరం ఎక్కించుకుని, దాన్ని దాచమని పట్టుబట్టాడు. వచ్చే ఏడు మళ్ళీ వస్తాం, మొక్కు ఉంది అన్నాడు. వచ్చీరాని తెలుగు. అన్న నా వైపు చూసి, "మొక్కుకున్నోడు రాకుండా పోతాడా? ఉండనీ" అన్నాడు. నోటుబుక్కులో "మైసూరు గుండు, తీయకూడదు" అని రాసుకున్నాను. ఆ తరవాత "తీయకూడదు" అన్న మాట ఆ పుస్తకంలో చాలా చోట్ల కనపడుతుంది. సేలం చెల్లెలూ అన్నా, తీయకూడదు. గుల్బర్గా డాక్టరు గారి అబ్బాయి, తీయకూడదు. కొందరు నిజంగానే మరుసటేడు వచ్చి చూసుకున్నారు. తమ పేరు ఇంకా అక్కడే ఉందని చూసి ఆ పిల్లల మొహాలు ఎలా అయ్యేవో నేను ఎంత రాసినా చాలదు.

"పుత్తూరు" అని ఇంకొకడు ఉండేవాడు. బస్టాండు దగ్గర టిఫిన్ హోటల్లో పని. మధ్యాహ్నం మూడింటికి హోటల్ ఖాళీ అయ్యాక వచ్చేవాడు. కంట్రోలర్ పట్టుకునే ముందు తువ్వాలుతో చేతులు తుడుచుకుని, వాసన చూసుకుని, మళ్ళీ తుడుచుకునేవాడు. ఆడేది ఒకటే, గ్రాన్ టూరిస్మో 2 అనే కార్ల ఆట. అందులో రేసులు ఆడాలంటే ముందు డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలు పాసవ్వాలి. మొదటి పరీక్ష సూటిగా వేగంగా పోయి, గీసిన గడిలో బండి ఆపడం. మిగతా పిల్లలు ఆ పరీక్షల్లోనే విసిగి డిస్కు మార్చమనేవాళ్ళు. పుత్తూరుకు పరీక్షలంటేనే ఇష్టం. కంచు కప్పు వస్తే వెండి కావాలి, వెండి వస్తే బంగారం కావాలి. ఇంగ్లీషు చదవలేడు. మెనూలో ఏది ఎక్కడుందో చోటుతో గుర్తు. పై నుంచి మూడోది, కుడికి రెండోది. అలా పరీక్షలు దాటి, 10,000 క్రెడిట్లతో మొదలైన ఆటను లక్షల దాకా తీసుకెళ్ళి, సుజుకీ ఎస్కుడో అనే కారు కొన్నాడు. ఆ రోజు తను పనిచేసే హోటల్ నుంచి మాకందరికీ మైసూరు బోండా తెచ్చాడు.

*

గంగమ్మ జాతర రోజులు. వీధిలో వేషాలు, డప్పులు, కొట్లో కాలు పెట్టే చోటు లేదు. ఆ గలాటాలో ఎవరో తమ ఆటకు చోటు చేసుకోవాలని పుత్తూరు సేవ్ తీసేశారు. ఎవరన్నది తేలలేదు. తీసినవాడు తన ఆట దాచుకునేలోపే కరెంటు పోయినట్టుంది, ఆ చోటు ఖాళీగానే ఉండిపోయింది.

రెండు రోజుల తరవాత పుత్తూరు వచ్చి కూర్చున్నాడు. చేతులు తుడుచుకున్నాడు. కార్డు తెర తెరిచాను. వాడి బొమ్మ ఉండాల్సిన చోట నల్లగా గడి. అరుస్తాడేమో అనుకున్నాను. అరవలేదు. కంట్రోలర్ తీగను చుట్ట చుట్టి బల్ల మీద పెట్టాడు.

"ఎన్ని గంటలైనా ఊరికే ఆడుకో రా, లెక్క రాయను," అన్నాడు అన్న.

"వద్దులేన్నా. పనుంది."

మళ్ళీ రాలేదు. అన్నకు ఆ రోజు వచ్చిన కోపం నేను ఇంకెప్పుడూ చూడలేదు. మిగతావాళ్ళ సేవ్‌లన్నీ ఇంకో కార్డులోకి కాపీ చేయించాడు. ప్లేస్టేషన్‌లో రెండు స్లాట్లు ఉంటాయి కాబట్టి అది పెద్ద పనేమీ కాదు. పాత కార్డు బయటికి తీసి, "దీన్ని ఇంక ఎవురూ ముట్టద్దు" అని డబ్బాలో పడేశాడు. ఆ కోపంలో చేసిన పని ఎంత మేలు చేసిందో అప్పుడు మా ఇద్దరికీ తెలియదు.

*

సేవ్‌లను బయటికి తీసి దాచుకునే మనుషులు ప్రపంచంలో ఉన్నారని నాకు తెలిసింది చిత్తూరులో ఉండే మా చెల్లెలి వల్ల. చిన్నాయన కూతురు. చిన్నాయన కువైట్‌లో పనిచేసేవాడు, ఒకసారి వస్తూ దానికి చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ కలర్ తెచ్చాడు. పోకెమాన్ రెడ్ ఒకటి, గోల్డ్ ఒకటి, రెండు కార్ట్రిడ్జ్‌లు. మేం గ్రీమ్స్‌పేటకు వెళ్ళినప్పుడల్లా అది మేడ మెట్ల మీద కూర్చుని, ఎండ తెర మీద పడకుండా చున్నీ కప్పుకుని ఆడుతూ ఉండేది.

కొన్నేళ్ళ కిందట ఆ రెండూ దొరికాయని ఫోన్ చేసింది. గోల్డ్ పెడితే కొత్త ఆట మొదలుపెట్టమంటోంది, పాతది కొనసాగించే మాటే లేదు. గొంతు వణికింది.

ఆ కార్ట్రిడ్జ్‌లలో సేవ్ ఉండేది ఎస్‌ర్యామ్ అనే మెమరీలో. దానికి కరెంటు ఎప్పుడూ అందుతూ ఉండాలి. మిషన్ ఆపేసినా అందాలంటే లోపల నాణెం ఆకారంలో బ్యాటరీ ఉంటుంది. అది చచ్చిన క్షణాన సేవ్ పోతుంది. ఏ పరికరమూ దాన్ని తిరిగి తేలేదు. గోల్డ్‌లో పగలూ రాత్రీ, వారాలూ నడిపే గడియారం కూడా ఆ బ్యాటరీ మీదే తిరుగుతుంది. అందుకే గోల్డ్ బ్యాటరీ ముందు అయిపోతుంది. గడియారం లేని రెడ్ ఇంకా బతికి ఉంది. ఎన్నాళ్ళు ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

దాన్ని ఇక ఆన్ చేయవద్దని చెప్పి వెతకడం మొదలుపెట్టాను. జీబీఎక్స్‌కార్ట్ అని ఒక చిన్న బోర్డు ఉంది. కార్ట్రిడ్జ్‌ను అందులో గుచ్చి, యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి, ఫ్లాష్‌జీబీఎక్స్ అనే ప్రోగ్రాంలో సేవ్ బ్యాకప్ అని నొక్కితే ఫైలు వస్తుంది. సూపర్ నింటెండో, మెగా డ్రైవ్ లాంటి ఎన్నో రకాల కార్ట్రిడ్జ్‌లు చదివేందుకు సన్ని కార్ట్ రీడర్ అని ఇంకొకటి ఉంది. దాని డిజైనంతా బయట పెట్టేశారు, ఎవరైనా భాగాలు కొని చేసుకోవచ్చు. ఇవి ఏ పెద్ద కంపెనీ చేసినవీ కావు. ఉద్యోగాలు అయ్యాక రాత్రుళ్ళు కూర్చుని, చిప్పుల కాళ్ళను ఒక్కోటీ పరీక్షించి, తెలుసుకున్నది పదిమందికీ రాసిపెట్టిన మనుషులు చేసినవి. వాళ్ళలో ఒక్కరి మొహం కూడా నాకు తెలియదు. వాళ్ళకు నేను రుణపడి ఉన్నాను.

బోర్డు పోస్టులో వచ్చాక చిత్తూరు వెళ్ళాను. కార్ట్రిడ్జ్ బంగారు పళ్ళను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాం. చిన్నప్పుడు నోటితో ఊదేవాళ్ళం, ఆ తడికే అవి పాడయ్యేవి. రెడ్ సేవ్ 32 కిలోబైట్లు. కళ్ళు మూసి తెరిచేలోపు వచ్చేసింది. పాత మిషన్‌లా నటించే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాంలో తెరిచి చూస్తే ఆరు పోకెమాన్‌లు, ఆరింటికీ ఇంట్లోవాళ్ళ పేర్లు. దారికి అడ్డంగా పడుకుని, ఫ్లూట్ ఊదితేగానీ లేవని స్నోర్లాక్స్‌కు జేజి అని పేరు పెట్టింది. మా జేజి ఎండాకాలం మధ్యాహ్నం గాలి కోసం గడపకు అడ్డంగా పడుకునేది. ఎవరు వెళ్ళాలన్నా దాటి పోవాల్సిందే. జేజి పోయి చాలా ఏళ్ళయింది. చెల్లెలు ఆ పేరు చూసి నవ్వింది, నవ్వుతూనే లోపలికి వెళ్ళిపోయింది.

గోల్డ్‌లో ఎవరి పేర్లు పెట్టిందో దానికే గుర్తు లేదు.

ఆ రోజు నుంచి నాకు ఒక విషయం మీద పట్టుదల వచ్చింది. పాత ఆటలను కాపాడాలని అందరూ అంటారు. మంచిదే. కానీ పోకెమాన్ రెడ్ లక్షల కార్ట్రిడ్జ్‌లలో ఉంది, ఒకటి పోతే ఇంకొకటి దొరుకుతుంది. జేజి పేరున్న స్నోర్లాక్స్ ప్రపంచం మొత్తం మీద ఒక్క కార్ట్రిడ్జ్‌లో, గ్రీమ్స్‌పేటలో ఒక బీరువా సొరుగులో ఉంది. ఆట కంపెనీది, సేవ్ మాత్రం మనది. దాన్ని కంపెనీ దాచదు, మ్యూజియం దాచదు. మనమే దాచుకోవాలి.

*

అందుకే అన్న ఇచ్చిన డబ్బా నాకు బంగారంతో సమానం.

ప్లేస్టేషన్ కార్డుల్లో బ్యాటరీ ఉండదు, ఫ్లాష్ మెమరీ. కరెంటు లేకపోయినా నిలుస్తుంది. అలాగని కలకాలం కాదు, ఆ కణాల్లో దాచిన విద్యుత్తు ఏళ్ళ తరబడి మెల్లగా కారిపోతుంది. వాటిని చదవడానికి 1990ల చివర్లోనే డెక్స్‌డ్రైవ్ అని ఒక పెట్టె అమ్మారు, పాత కంప్యూటర్ల సీరియల్ పోర్టుకు తగిలించేది. ప్లేస్టేషన్ చేసిన సోనీ కూడా తరవాత ప్లేస్టేషన్ 3 కోసం పాత కార్డులు గుచ్చే అడాప్టర్ తెచ్చింది. నాకు రెండూ దొరకలేదు. మెమ్‌కార్డుయినో ఉంది. ఆర్డుయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులో దాని ప్రోగ్రాం ఎక్కించి, కార్డు స్లాటుకు ఏడు తీగలు కలిపితే చాలు.

బోర్డు మద్రాసు రిచీ స్ట్రీట్‌లో కొన్నాను. స్లాటు కొనాల్సిన పని లేకపోయింది. శీర్షాసనం వేసే మిషను అన్న అటక మీదే ఉంది, చచ్చిపోయి. దాని ముందు భాగం విప్పి స్లాటు తీసుకున్నాను. డేటా, కమాండ్, సెలెక్ట్, క్లాక్, అక్నాలెడ్జ్, కరెంటు, గ్రౌండు, ఇవీ ఆ ఏడు తీగలు. టంకం వేస్తుంటే పక్కన కూర్చుని అన్న టార్చి పట్టుకున్నాడు.

కార్డుతో కంప్యూటర్ మాట్లాడే తీరు నాకు ఎంతో నచ్చింది. 128 కిలోబైట్లనూ ఒకేసారి అడగకూడదు. 128 బైట్ల చొప్పున, 1024 ముక్కలుగా అడగాలి. ప్రతి ముక్క చివరా కార్డు ఒక బైటు పంపుతుంది, ఇంగ్లీషులో గుడ్ అనే మాటలోని మొదటి అక్షరం. బాగానే చదివాను అని చెప్పడం. పాతికేళ్ళు కర్పూరం డబ్బాలో పడుకున్న కార్డు ఆ మాట చెబుతూ పోయింది, ముక్క తరవాత ముక్క.

ప్రతి కార్డునూ రెండుసార్లు చదివి, రెండు ఫైళ్ళూ అచ్చంగా ఒకటేనా అని పోల్చాను. తేడా వస్తే పళ్ళు తుడిచి మళ్ళీ చదవాలి. ఒక పెద్ద కార్డు మాత్రం సహకరించలేదు. 120 బ్లాకులు అని గొప్పగా అమ్మిన బయటి కార్డు, బటన్ నొక్కితే 15 బ్లాకుల పేజీలు మారేవి. కొన్ని పేజీలు వచ్చాయి, కొన్ని చెత్తగా వచ్చాయి. వచ్చినంత వరకు దాచాను. కార్డు మీది ప్లాస్టరు ముక్కనూ, నోటుబుక్కులో ప్రతి పేజీనీ ఫోటో తీశాను. ఏ బ్లాకు ఎవరిదో ఆ పుస్తకం లేకపోతే ఆ ఫైళ్ళకు సగం అర్థం పోయినట్టే.

మైసూరు గుండు రికార్డు అలాగే ఉంది, పేరుతో సహా. సేలం అన్నాచెల్లెళ్ళది కూడా. స్మాక్‌డౌన్ 2లో ఎర్ర సైకిలు పిల్లాడు తయారుచేసుకున్న రెజ్లర్‌కు పంచె కట్టినట్టు తెల్ల ప్యాంటు. అన్న ఒక్కోదాన్నీ చూస్తూ, "వీడు ఇప్పుడు రేణిగుంటలో మెడికల్ షాపు", "ఈడు ఆస్ట్రేలియా" అని చెప్పుకుంటూ పోయాడు.

అన్న ముట్టవద్దన్న కార్డు చివరిది. కార్డు ఫైళ్ళు చూసే మెమ్‌కార్డ్‌రెక్స్ అనే ప్రోగ్రాంలో తెరిచాను. పుత్తూరు సేవ్ లోపలే ఉంది, తీసేసినది అన్న గుర్తుతో.

ప్లేస్టేషన్‌లో సేవ్ తీసేస్తే కార్డు లోపలి డేటాను చెరపదు. చిట్టాలో ఒక అంకె మారుస్తుంది, అంతే. వాడుకలో ఉన్నదానికి, కంప్యూటర్లలో వాడే హెక్స్ లెక్కలో 51, తీసేసినదానికి ఎ1. ఆ చోటు మీద ఇంకొకరు రాసేదాకా పాతది అక్కడే ఉంటుంది. ఆ రోజు కరెంటు పోవడం వల్ల, ఆ పైన అన్న కార్డును పక్కన పడేయడం వల్ల, దాని మీద ఎవరూ రాయలేదు. రిస్టోర్ అని నొక్కాను. బొమ్మ తిరిగి వచ్చింది.

అన్న దగ్గరున్న డిస్కునే కంప్యూటర్‌లోకి తీసుకుని ఎమ్యులేటర్‌లో పెట్టాం. గ్యారేజీ తెరుచుకుంది. ఎస్కుడో ఉంది. లైసెన్సుల పేజీలో బంగారు కప్పుల వరస. అన్న కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఆ పిల్లోడు యాడుండాడో కనుక్కుందాం పట్రా."

*

హోటల్ ఇప్పుడు లేదు కానీ ఓనరు కొడుకు నంబరు దొరికింది. ఆయన ద్వారా ఇంకొకరు, వాళ్ళ ద్వారా పుత్తూరులో టిఫిన్ బండి నంబరు.

"హలో, ఎవురు సామీ?"

తీర్థకట్ట వీధి, వీడియో గేమ్ కొట్టు, నోటుబుక్కు రాసేవాణ్ణి అని చెప్పాను. అటువైపు పెనం మీద దోశె తిరగేసిన చప్పుడు. ఆ తరవాత, "అన్నా, నువ్వా! బాగుండావా? పెద్దన్న బాగుండాడా?"

విషయం చెప్పాను. తీసేసినది పోలేదు, దొరికింది అన్నాను. నమ్మలేదు. మళ్ళీ చెప్పాను.

"నా లైసెన్సులు ఉండాయా?" అనడిగాడు. బండి ఉందా అని కాదు.

అన్నీ ఉన్నాయి అన్నాను. "ఆ ఆఖరి దానికి బంగారం ఎంత కష్టపడి తెచ్చినానో నీకు గుర్తుండాదా అన్నా? చెయ్యి కాలి ఉన్నింది ఆ పొద్దు. కట్టు కట్టుకోని ఆడినా." నాకు కట్టు గుర్తు లేదు. అన్నకు గుర్తుంది, పక్క నుంచి తల ఊపాడు.

ఆదివారం అన్నా నేనూ పుత్తూరు వెళ్ళి, వాళ్ళబ్బాయి ఫోన్‌లో ఎమ్యులేటర్ వేసి, డిస్కు ఫైలూ కార్డు ఫైలూ ఎక్కించి ఇచ్చాం. బ్లూటూత్ కంట్రోలర్ ఒకటి అన్న కొనుక్కొచ్చాడు. పుత్తూరు చేతులు తువ్వాలుతో తుడుచుకుని, మెనూ చదవకుండానే, చోటు గుర్తుతో గ్యారేజీకి పోయాడు. పిల్లాడు పదో క్లాసు, ఇంగ్లీషు మీడియం. "నాయనా, అక్కడ ఏం రాసుందో నేను చదువుతా" అంటే "అవసరం లే" అన్నాడు.

వారం తిరక్కముందే ఫోన్ వచ్చింది.

"అన్నా, మావోడు మొదటి లైసెన్సే దాటలేకపోతా ఉండాడు. బండి గీత దాటించేస్తాడు. బ్రేకు ముందే పట్టాల అంటే ఇనడు. ఇంకో సంగతి. వాడు ఆడి సేవ్ చేస్తే నాది పోతాదేమోనని నాకు టెన్షనుగా ఉండాది. రాత్రి నిద్ర పట్టలా. వాడికి వేరే కార్డు ఇచ్చేదానికి కుదురుతాదా?"

కుదురుతుంది, ఎమ్యులేటర్‌లో కూడా రెండు స్లాట్లు ఉంటాయి అన్నాను. ఖాళీ కార్డు ఫైలు ఒకటి తయారుచేసి వాట్సాప్‌లో పంపాను, 15 బ్లాకులూ పిల్లాడివే. పాతదానికి ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసి వాళ్ళావిడకు ఇవ్వమన్నాడు. బీరువా తాళాలు ఆమె దగ్గరే ఉంటాయట.